మునగాల దాటాక వెలిగిన ఆయిల్ దీపం

గత వేసవిలో, మే నెల రెండో వారంలో, అమ్మనూ మామయ్యనూ వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి విజయవాడకు మా పాత పెట్రోలు కారులో బయలుదేరాను. సూర్యాపేటలో టీ తాగి సర్వీసు రోడ్డు మీద నుంచి మళ్లీ హైవే ఎక్కేటప్పుడు, మలుపులో, మీటర్ బోర్డు మీద ఎర్రటి వెలుగు ఒకటి క్షణకాలం మెరిసి ఆరిపోయింది. అద్దం మీద ఎండ పడి అలా కనిపించిందేమో అనుకుని ముందుకు సాగాను. మునగాల దాటిన కొద్దిసేపటికి అదే వెలుగు మళ్లీ వచ్చింది, ఈసారి ఆరలేదు. నూనె పోసే చిన్న కూజాలాంటి బొమ్మ, దాని మూతి చివర ఒక చుక్క: ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ లేదని చెప్పే దీపం అది. ఎడమవైపు ఇండికేటర్ వేసి, రోడ్డు అంచు దాటి మట్టి మీదికి కారును దించి, పూర్తిగా ఆగిన తరువాత ఇంజిన్ ఆపేశాను. దీపం స్థిరంగా వెలిగినప్పటి నుంచి తాళం తిప్పేవరకు ఒక నిమిషం కూడా గడిచి ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీపం చూసిన కంగారులో, బండి వేగంగా పోతుండగానే తాళం తిప్పేయకూడదు. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే అయిపోతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే కొన్ని కార్లలో స్టీరింగు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ముందు బండిని సురక్షితమైన చోట ఆపాలి, ఆ వెంటనే ఇంజిన్ ఆపాలి. ఈ రెండింటి మధ్య ఆలస్యం ఉండకూడదు, క్రమం తప్పకూడదు.

మామయ్యకు నా పని నచ్చలేదు. "కోదాడ ఎంతో దూరం లేదురా, ఏసీ ఆపేసి నలభైలో మెల్లగా పోదాం, అక్కడ మెకానిక్ చూస్తాడు, ఈ ఎండలో అమ్మను కూర్చోబెట్టి ఏం చేస్తావు?" అన్నాడు. కోదాడ ఇంకా 15 కిలోమీటర్లకు పైగా ఉంది. ఆయన 30 ఏళ్లకు పైగా బండ్లు నడిపిన మనిషి, ఆయన మాటను కాదనడం నాకు సులువు కాలేదు. "ఇది వేడికి సంబంధించిన దీపం కాదు మామయ్యా, ఏసీ ఆపినా లాభం లేదు, ఒక్క అర కిలోమీటరు కూడా నడపను" అన్నాను. ఆయన ఊరుకున్నాడు కానీ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆయనకు రోడ్డు పక్కన నిలబడి వివరంగా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మెల్లగా పోతే ఏం కాదన్న నమ్మకం నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఉంది.

ఇంజిన్‌లో ఆయిల్‌ను తోడే పంపును తిప్పేది ఇంజినే. పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు, తిరిగితే పంపు తిరుగుతుంది. క్రాంక్ వేగం తగ్గితే పంపు వేగం కూడా తగ్గుతుంది. అందువల్ల మెల్లగా నడిపినంత మాత్రాన ఆయిల్ అందుబాటు మెరుగుపడదు, పైగా ఆయిల్ తక్కువగా ఉన్న బండిలో ఐడిలింగ్ వేగం (బండి కదలకుండా ఇంజిన్ తిరిగే వేగం) దగ్గరే ప్రెషర్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఇక ఆ ఆయిల్ చేసే పని ఏమిటన్నది చాలామంది అనుకునేదాని కంటే సున్నితమైనది. క్రాంక్ షాఫ్టు తన బేరింగుల్లో లోహం మీద లోహం రాసుకుంటూ తిరగదు. వెంట్రుక మందం కంటే తక్కువ సందులో, ప్రెషర్‌తో వచ్చి చేరిన ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. పిస్టన్ మీద పేలుడు బలం పడిన ప్రతిసారీ ఆ బలాన్ని మోసేది ఆ పొరే. పొర చెదిరితే, మెత్తటి లోహంతో చేసిన బేరింగు ముక్కలు కొద్దిసేపట్లోనే గీతలు పడి, వేడెక్కి, క్రాంక్‌కు అతుక్కుపోతాయి. మెకానిక్కులు "ఇంజిన్ సీజ్ అయింది" అనేది దీన్నే. టర్బో ఉన్న బండ్లలో పరిస్థితి ఇంకా కఠినం, ఎందుకంటే నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో ఇరుసు కూడా అదే ఆయిల్ మీద తేలాలి. ఏసీ ఆపినా, గేరు మార్చినా, వేగం తగ్గించినా ఆ పొర తిరిగి రాదు. ఇంజిన్ ఆపడం ఒక్కటే మార్గం.

అసలు ఆ దీపం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో తెలుసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. ఇంజిన్ బ్లాకు పక్కన, ఆయిల్ పారే దారిలో, బొటనవేలంత స్విచ్ ఒకటి బిగించి ఉంటుంది. లోపల ఒక పల్చటి పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. ప్రెషర్ లేనప్పుడు స్ప్రింగు బలంతో స్విచ్ మూసుకుని ఉంటుంది, దీపం వెలుగుతుంది. ప్రెషర్ పెరిగి పొరను నెడితే స్విచ్ తెరుచుకుని దీపం ఆరిపోతుంది. చాలా కార్లలో ఇది మారే చోటు సుమారు 0.3 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలమానం) మధ్య ఉంటుంది. వేడెక్కిన ఇంజిన్ హైవే వేగంలో తిరుగుతున్నప్పుడు ఉండవలసిన ప్రెషర్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఆ దీపం ఆరి ఉందంటే ఆయిల్ బాగుందని అర్థం కాదు, ప్రెషర్ ఇంకా పూర్తిగా పడిపోలేదని మాత్రమే అర్థం. అది వెలిగిందంటే తగ్గుతోందన్న కబురు కాదు, తగ్గడం ముగిసిపోయిందన్న కబురు. "ఆయిల్ తక్కువైతే లైటు వస్తుంది కదా, అప్పుడు పోసుకోవచ్చు" అని నాతోనే ఇద్దరు ముగ్గురు మిత్రులు అన్నారు. ఆ దీపానికి ఆయిల్ మట్టం తెలియదు. ఆయిల్ ఎంత తగ్గినా, పంపు పీల్చే గొట్టం మూతి ఆయిల్‌లో మునిగి ఉన్నంతసేపు ప్రెషర్ దాదాపు మామూలుగానే ఉంటుంది, దీపం మౌనంగానే ఉంటుంది. మూతి బయటపడి గాలి పీల్చిన రోజున మాత్రమే అది వెలుగుతుంది. కొన్ని కొత్త కార్లలో మట్టాన్ని కొలిచే సెన్సార్ వేరుగా ఉండి, పసుపు రంగు దీపంతో ముందుగానే హెచ్చరిస్తుంది, కానీ మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు.

సూర్యాపేట మలుపులో క్షణంపాటు మెరిసిన వెలుగుకు కారణం కూడా ఇదే. కారు మలుపు తిరిగినప్పుడు ఇంజిన్ అడుగున తొట్టిలా ఉండే చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. మట్టం సరిగ్గా ఉంటే ఒరిగినా గొట్టం మూతి మునిగే ఉంటుంది. మట్టం బాగా తగ్గి ఉంటే మూతి ఒక క్షణం గాలిలోకి వస్తుంది, ప్రెషర్ పడుతుంది, దీపం మెరుస్తుంది, మలుపు దాటగానే ఆరిపోతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లోనో, ఫ్లైఓవర్ దిగే వంపులోనో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఆయిల్ దీపం మెరిసి ఆరిపోతే దాన్ని వైరు లోపం అనుకోకండి. ఆ దీపం ఇవ్వగలిగిన ముందస్తు సూచన అంటూ ఏదైనా ఉంటే అది ఆ మెరుపే. నేను దాన్ని చూసి కూడా 20 కిలోమీటర్లకు పైగా నడిపాను. అక్కడే ఆపి ఉండవలసింది.

ఇంజిన్ ఆపాక పది నిమిషాలు ఆగాను, పైభాగాల్లో ఉన్న ఆయిల్ చాంబర్‌లోకి దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. తరువాత డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీశాను. మొదటిసారి తీసినప్పుడు గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకు పూసుకుని మట్టం ఎక్కువగా కనిపిస్తుంది కనుక రెండోసారి చూసినదే లెక్క. రెండు గీతల మధ్య ఉండవలసిన ఆయిల్ కింది గీత దగ్గర కూడా లేదు. పుల్ల కొస పొడిగా ఉంది. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు 1 లీటరు. కొస కూడా తడవలేదంటే లీటరుకు మించే పోయిందన్నమాట. వంగి కిందికి చూస్తే చాంబర్ అడుగు భాగమంతా తడిసి, దాని మీద దుమ్ము ముద్దలా అంటుకుని ఉంది. ఆయిల్ దించే బోల్టు తల నుంచి ఒక చుక్క జారడానికి సిద్ధంగా వేలాడుతోంది. మామయ్య కూడా వంగి చూశాడు. ఆ తరువాత కోదాడ మాట ఎత్తలేదు.

అమ్మను ఒక వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాం. జాతీయ రహదారి మీద ఇలాంటి సమయాల్లో 1033 నంబరుకు ఫోన్ చేస్తే సాయం అందుతుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది. మేము ఫోన్ చేసేలోపే ఒక ఆటో ఆగింది, మామయ్య అందులో కోదాడ వెళ్లి లీటరు డబ్బాలు మూడు తెచ్చాడు. మా కారు పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని రాసి ఉంది, ఆ దుకాణంలో 10డబ్ల్యూ-30 మాత్రమే దొరికింది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, వెనకున్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. మే నెల ఎండలో మొదటి అంకెలోని తేడా వల్ల వచ్చే నష్టం లేదు, రెండో అంకె మాకు కావలసినదే. ఊరు చేరేదాకా సరిపోయే ఆయిల్‌కు, ఏళ్ల తరబడి వాడే ఆయిల్‌కు ఒకే నియమం పెట్టుకోనవసరం లేదు. తరువాత ఎలాగూ అంతా దించి మార్పించాను. మొదటి లీటరు పోసి, కాసేపు ఆగి పుల్ల చూస్తే కొస మాత్రమే తడిసింది. రెండో లీటరు కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్య ఆగి చూస్తూ, మట్టాన్ని రెండు గీతల నడిమికి తెచ్చి ఆపాను. సుమారు 3.5 లీటర్లు పట్టే ఇంజిన్‌లో మట్టం నడిమికి రావడానికే దాదాపు 2 లీటర్లు పట్టిందంటే అంతవరకు లోపల మిగిలింది సుమారు ఒక లీటరు మాత్రమే.

ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు సెకన్లలో దీపం ఆరిపోయింది. బానెట్ తెరిచే ఉంచి, టకటకమనే శబ్దం ఏమైనా వస్తుందేమోనని విన్నాం. మామూలు శబ్దమే వచ్చింది. చుక్క కారడం ఆగలేదు కానీ ధారగా లేదు కనుక, మిగిలిన లీటరు డబ్బాను వెంట ఉంచుకుని, మధ్యలో ఒకసారి ఆపి పుల్ల చూసుకుని కోదాడ చేరాం. దీపం ఆరకపోయినా, ఆ శబ్దం వచ్చినా టోయింగ్ బండి పిలిచేవాణ్ణి.

కోదాడ మెకానిక్ చేసిన పని నాకు బాగా నచ్చింది. దీపం ఆరిందన్న ధైర్యంతో బోల్టు బిగించి పంపేయకుండా, ముందు ఆ ప్రెషర్ స్విచ్ విప్పి దాని స్థానంలో ముల్లు ఉన్న గేజ్ బిగించాడు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో కేజీ (దాదాపు ఒక బార్) పైన, యాక్సిలరేటర్ తొక్కి 3,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే నాలుగు కేజీల దగ్గర ముల్లు నిలిచింది. తరువాత పాత ఆయిల్ ఫిల్టరు విప్పి, దాని రేకు కోసి, లోపలి కాగితపు మడతలను ఎండలో పరిచి చూపించాడు. బేరింగులు అరిగి ఉంటే ఆ మడతల్లో లోహపు తళుకు కనిపిస్తుంది, మాకు కనిపించలేదు. ఈ రెండు పరీక్షలూ చేయడానికి పట్టిన సమయం గంట లోపే. ఆయిల్ దీపం వెలిగిన ఏ బండికైనా ఈ రెండూ చేయించమని గట్టిగా చెబుతాను.

కారణం చిన్నది. అంతకు మూడు వారాల ముందు హైదరాబాదులో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. దించే బోల్టు కింద ఉండే వాషర్ మెత్తటి రాగితోనో అల్యూమినియంతోనో చేసి ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది నలిగి సందును మూసేస్తుంది. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి అంత బాగా నలగదు. అక్కడ పాతదాన్నే తిరిగి వేశారు. ఊళ్లో తిరిగినన్నాళ్లు రోజుకు కొన్ని చుక్కలే పోయాయి, మా అపార్టుమెంటు సెల్లారును రోజూ కడిగేస్తారు కాబట్టి మరక నా కంట పడలేదు. హైవే మీద గంటల తరబడి వేడెక్కి పల్చబడిన ఆయిల్ మాత్రం ఆ సందులోంచి త్వరత్వరగా కారిపోయింది. మూడు వారాల్లో ఒక్కసారి డిప్‌స్టిక్ తీసి ఉంటే ఈ ప్రయాణం ఇలా జరిగేది కాదు.

మట్టం సరిగ్గా ఉండి కూడా దీపం వెలిగే సందర్భాలు ఉన్నాయి, అక్కడే ఎక్కువమంది మోసపోతారు. "సెన్సార్ పోయింది, మారిస్తే సరిపోతుంది" అన్న మాట షెడ్డుల్లో తరచుగా వినిపిస్తుంది. నిజంగానే స్విచ్ పాడైపోవచ్చు, దాని వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగలవచ్చు. కానీ ఆయిల్ మార్చడం ఆలస్యమై చాంబర్‌లో పేరుకున్న మడ్డి, పంపు మూతికున్న జల్లెడను మూసేసినా అదే దీపం వెలుగుతుంది. స్పీడ్ బ్రేకర్ తగిలి చాంబర్ రేకు లోపలికి సొట్టపడి ఆ మూతికి అడ్డుపడినా, పంపు అరిగినా, బేరింగుల సందు పెరిగినా వెలుగుతుంది. ఇంజిన్ వేడెక్కాక సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు మాత్రమే వెలిగి, యాక్సిలరేటర్ తాకగానే ఆరిపోతే ఆయిల్ పల్చబడిందనో బేరింగులు అరిగాయనో అనుమానించాలి. స్విచ్ తప్పా, ఇంజిన్ తప్పా అన్నది ఊహతో తేల్చేది కాదు, గేజ్ బిగించి తేల్చేది. గేజ్ లేని చోట స్విచ్ మార్చి పంపిస్తామంటే, ఆ బండిని అక్కడి నుంచి నడపకుండా తెప్పించుకోవడమే మంచిది.

పాత కారు కొనేవారికి ఒక మాట. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, ఈ దీపం వెలగాలి. అది దీపానికి పరీక్ష. వెలగకపోతే దీపం కాలిపోయి ఉండవచ్చు, వైరు ఊడి ఉండవచ్చు, లేదా అమ్మేవారు కావాలనే తీసేసి ఉండవచ్చు. ఎప్పుడూ వెలగని ఆయిల్ దీపం వెలుగుతున్న దీపమంత ప్రమాదకరం, కానీ బేరమాడేటప్పుడు వెలగని దీపం కోసం వెతికేవారు తక్కువ.

మిగతా దీపాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ బొమ్మలు ఏ కంపెనీ కారులోనైనా ఒకేలా కనిపించడానికి కారణం ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఎరుపు ప్రమాదానికి, పసుపు జాగ్రత్తకు గుర్తు అన్నది అన్నిచోట్లా చెల్లుతుంది. ఇంజిన్ వేడి దీపం ఎర్రగా వెలిగినా ఆగవలసిందే. బ్యాటరీ దీపం ఎరుపే అయినా అది ఆల్టర్నేటర్ చార్జింగు ఇవ్వడం లేదని చెబుతుంది. పగటిపూట కొంత దూరం పోవచ్చు, అయితే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే నీటి పంపునూ తిప్పే కార్లలో బెల్టు తెగి ఉంటే కొద్ది దూరానికే ఇంజిన్ వేడెక్కుతుంది, కనుక ముందు బానెట్ ఎత్తి బెల్టు చూడాలి. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే, బండి నడక మామూలుగా ఉన్నంతవరకు నెమ్మదిగా షెడ్డు దాకా పోయి స్కానర్ పెట్టించవచ్చు. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే సిలిండర్లలో పెట్రోలు సరిగ్గా మండడం లేదని అర్థం. మండని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది, దాని ఖరీదు తెలిసినవారు వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తారు.

డీజిల్ కార్లున్నవారు డిప్‌స్టిక్ పై గీతను కూడా చూసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి, చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఆ ప్రక్రియ పదేపదే మధ్యలో ఆగిపోతే కొంత డీజిల్ జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, బేరింగుల మీది పొర బలహీనపడుతుంది. మట్టం పెరిగిందని సంతోషించవలసిన పని లేదు, ఆయిల్ మార్పించాలి.

విజయవాడ చేరాక మామయ్య తన కారు డిప్‌స్టిక్ తీసి నాకు చూపించాడు. కింది గీత మీద ఉంది. మరునాడు అర లీటరు పోయించుకున్నాడు. నేను ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా, కారును సమతలంగా ఉన్న చోట నిలిపి పుల్ల చూస్తున్నాను, దూర ప్రయాణానికి ముందు రోజు ఇంకోసారి చూస్తున్నాను. రాత్రిపూట చాంబర్ కింద ఒక అట్టముక్క పరుస్తున్నాను. కోదాడలో కొత్త రాగి వాషర్ వేసిన తరువాత కారు 6,000 కిలోమీటర్లు తిరిగింది. నిన్న చూసినప్పుడు మట్టం పై గీతకు ఒక నూలు కింద ఉంది, అట్టముక్క పొడిగా ఉంది.